మైకులో మాఫీ చేసిన ఫీజు

మా ఆయన దేవుడి తర్వాత నమ్మేది మైకును. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్లకూ పీర్ల పండగకూ ఎద్దుల బండలాగుడు పోటీలు పెడతారు. ఆ పోటీల్లో స్టేజీ మీద నిలబడి ఏ జత ఎవరిది, బండను ఎంత దూరం లాగింది అని చదివేది ఆయనే. గొంతు బాగుంటుంది, కాదనను. ఇంట్లో ఉప్పు అడగడానికి కూడా అదే గొంతు వాడతాడు కాబట్టి నాకు దాని మీద పెద్ద మోజు లేదు. చేసేది శనగ సేద్యం, బతికేది ఆ మైకు కోసం. నేను సర్కారు బడిలో టీచర్ని. ఇంట్లోకి నెలనెలా డబ్బు నావల్ల వస్తుంది, ఊళ్లో పేరు ఆయనకు వస్తుంది.

ఆ పోటీల్లో ఒక పద్ధతి ఉంది. మొదటి బహుమతి ఫలానా ఊరి ఫలానా ఆయన ఇస్తున్నాడని మైకులో చెబితే, ఆ డబ్బు ఆ రోజే జనం ముందు కమిటీ చేతికి రావాలి. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఒకసారి ఒక కాంట్రాక్టరు దర్జాగా తన పేరు చదివించుకుని మెల్లగా జారుకున్నాడు. మా ఆయన ఊరుకోలేదు. జతకూ జతకూ మధ్య "దాతగారు యాడున్నా స్టేజీ కాడికి రావల్ల, జనం ఎదురు చూస్తాండారు" అని పిలుస్తూనే ఉన్నాడు. జనం నవ్వుతూనే ఉన్నారు. మధ్యాహ్నం దాటేసరికి ఆ కాంట్రాక్టరు బామ్మర్ది మోటారుసైకిలు మీద చెమటలు కక్కుకుంటూ వచ్చి డబ్బు ఇచ్చిపోయాడు. ఇదీ మా ఆయనకు తెలిసిన న్యాయం. నలుగురి ముందు మైకులో మాట వచ్చిందంటే రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర పడినట్టే. ఈ నమ్మకంతోనే ఆయన మా పాప ఇంజనీరింగు ఫీజుకు లెక్క వేశాడు.

మా పాప ఖోఖో ఆడుతుంది. హైస్కూల్లో మొదలుపెట్టింది. మోకాళ్లు, మోచేతులు ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేవి. స్తంభం దగ్గర ఒంటిని గాల్లోకి విసిరి, పరుగెత్తే అమ్మాయి మడమను తాకే డైవ్ ఒకటుంటుంది. అది దానికి బాగా వచ్చు. ఆడపిల్లను దుమ్ములో పొర్లిస్తున్నామని మా అత్త గొణిగేది. నేను ఆడనిచ్చింది పెద్ద ఆలోచన చేసి కాదు. ఆడి వచ్చిన రోజు అది కడుపునిండా తినేది, నవ్వుతూ చదువుకునేది. ఇంటర్‌లో రాష్ట్రస్థాయి పోటీల్లో వాళ్ల జట్టుకు వెండి పతకం వచ్చింది. అప్పటినుంచి అందరికీ దాని ఆటలో డబ్బు కనబడటం మొదలైంది.

ఆ వేసవిలో నంద్యాల నుంచి ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ వాళ్లు ఆళ్లగడ్డలో కల్యాణమండపం మాట్లాడుకుని, ప్రతిభ ఉన్న పిల్లలకు సన్మానం అని పెట్టారు. సన్మానం పేరుతో అడ్మిషన్లకు పిల్లల్ని పట్టుకోవడం. పలుచటి శాలువ, ప్లాస్టిక్ జ్ఞాపిక, సాంబారన్నం. కాలేజీ ఛైర్మన్ మా పాపను పక్కన నిలబెట్టుకుని, తలమీద చెయ్యి పెట్టి, "ఈ బంగారుతల్లిని మా కాలేజీ దత్తత తీసుకుంటోంది. స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ కింద నాలుగేళ్లు ఒక్క రూపాయి ఫీజు లేకుండా చదివిస్తాం" అని మైకులో చెప్పాడు. మండపం అంతా చప్పట్లు. అమ్మానాన్నలు బతికుండి ముందు వరుసలో కూర్చుని ఉంటే దత్తత ఏమిటని నాకు ఒళ్లు మండింది. పక్కకు తిరిగి చూస్తే మా ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఇంటికి వస్తూ దారిలోనే అన్నాను. "రేపు పోయి ఆ మాట ఒక కాగితం మీద రాయించుకుని రా."

"ఏందే నువ్వు మాట్లాడేది?" అన్నాడు. "అంతమంది జనంలో మైకులో చెప్పినోని కాడికి పోయి కాగితం అడిగితే, నీ మాట మీద నాకు నమ్మకం లేదప్పా అని మొగాన చెప్పినట్టు గాదా?"

"నాకు నమ్మకం లేకనే అడగమంటాండా."

"బడిలో నీకది అలవాటు. సున్నం ముక్క ఇచ్చినా సంతకం కావల్ల నీకు. మర్యాదస్తులు మాటను అట్ల కొలవరు."

మర్యాదస్తులట. ఆ ఛైర్మన్‌ను ఆయన చూసింది ఆ ఒక్క పూట. శాలువ కప్పడం తప్ప ఆ మనిషి ఇంకో పని చేయగా మేము ఎన్నడూ చూడలేదు. నాకు ప్రభుత్వ జీతం ఉంది కాబట్టి మా పాపకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, కట్టాల్సింది మేమే. పాప ర్యాంకుకు కర్నూలులో కొంచెం తక్కువ ఫీజుకు సీటు వచ్చేలా ఉండింది. అది వద్దన్నాడు. పిలిచి ఉచితంగా చదువు చెబుతామంటుంటే కర్నూలుకు పోయి డబ్బులెందుకు పోయాలి అన్నాడు. పాప నా మొహం చూసింది, వాళ్ల నాయన మొహం చూసింది. నంద్యాలలోనే చేరింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకు మా ఆయన లేచాడు. సంఘం ముందు, మళ్లీ మైకు పట్టుకుని, దేవుడు తన కూతురి నాలుగేళ్ల ఫీజును మాఫీ చేయించాడని సాక్ష్యం చెప్పాడు. ముసలమ్మలు స్తోత్రం స్తోత్రం అన్నారు. కృతజ్ఞత కానుక కూడా వేశాడు. చేరి ఇంకా ఒక్క రోజు క్లాసు జరగలేదు. ఆయన మాత్రం నాలుగేళ్ల ఫీజు కట్టి రసీదు జేబులో పెట్టుకున్నవాడిలా తిరిగాడు.

శనగలు అమ్మిన డబ్బు బ్యాంకులో ఉండింది. పాప చదువుకని నేను దాన్ని మూడేళ్లుగా కదలనివ్వలేదు. ఇంక ఫీజు లేదు కదా అని ఆ డబ్బుతో ఎద్దుల జత కొన్నాడు. దున్నడానికి అనుకునేరు. మా పొలం దున్నేది ట్రాక్టరు. ఇవి పందేల ఎద్దులు. వాటికి ఉలవలు ఉడకబెట్టాలి, పత్తిగింజలు నానబెట్టాలి, పొద్దున్నే నడిపించాలి, ఒళ్లు తోమాలి. మా పెళ్లయిన ఇన్నేళ్లలో నా తలనొప్పికి ఒక మాత్ర తెచ్చివ్వని మనిషి వాటికి గిట్టలు నొస్తున్నాయేమోనని వంగి వంగి చూసేవాడు.

"ఇన్నేండ్లు ఇంగొకరి ఎద్దుల పేర్లే చదివినా. ఒక్కతూరి నా పేరు నేను చదువుకోవల్లని ఉండదా నాకు?" అన్నాడు.

ఆ మాటకు నేను కొంచెం మెత్తబడ్డాను. మెత్తబడినందుకు ఇప్పటికీ నా మీద నాకు చిరాకే.

మొదటి ఏడు ట్యూషన్ ఫీజు అడగలేదు, ఆ మాట నిజమే చెప్పాలి. బస్సు ఫీజు అడిగారు, పరీక్ష ఫీజు అడిగారు, స్పెషల్ ఫీజు అని ఒకటి అడిగారు. ఎందుకు స్పెషలో ఎవరికీ తెలియదు. అన్నిటికంటే నాకు నచ్చింది స్పోర్ట్స్ కిట్ ఫీజు. స్కాలర్‌షిప్ మీద ఆడే పిల్లల దగ్గరే ఆడే బట్టలకు డబ్బు తీసుకున్నారు, ఆ బట్టల వీపు మీద కాలేజీ పేరు వేసి. నంద్యాల బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మా పాప డైవ్ కొడుతున్న ఫొటో, పైన ఛైర్మన్ దండం పెడుతున్న ఫొటో. పాప ఫొటో కంటే ఆయన ఫొటో మూడింతలు పెద్దది. ఖోఖో ఆడింది ఆయనేనని ఎవరైనా అనుకుంటే వాళ్ల తప్పు లేదు.

ఆ ఏడు అంత ప్రేమ ఎందుకో తర్వాత తెలిసింది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే కమిటీ ఆ సంవత్సరం వచ్చేది ఉండింది. కమిటీకి గ్రౌండు చూపాలి, ఆడే పిల్లల్ని చూపాలి, కప్పులు చూపాలి. అందుకని చుట్టుపక్కల మండలాల నుంచి, బనగానపల్లె నుంచి, బండి ఆత్మకూరు నుంచి ఆటల పిల్లల్ని శాలువలు కప్పి మరీ ఏరుకొచ్చారు. కమిటీ వచ్చిన రోజు గ్రౌండుకు కొత్త సున్నం గీతలు, పిల్లలకు కొత్త ట్రాక్‌సూట్లు. మా పాప వాళ్ల జట్టు అంతకుముందే కాలేజీల మధ్య పోటీల్లో కప్పు తెచ్చి ఉంది. కమిటీ చూసింది, మెచ్చుకుంది, భోంచేసి వెళ్లింది. గ్రేడు వచ్చింది. వచ్చిన నెలలోపే ఆ గ్రౌండులో కాలేజీ బస్సులు నిలపడం మొదలుపెట్టారు. ఖోఖో స్తంభాలు పెరికి క్యాంటీను వెనక పడేశారు. పిల్లలు బస్సులు పోయాక, డీజిలు మరకల మధ్య వాటిని మళ్లీ పాతుకుని ఆడుకుని, ఆర్టీసీ బస్సుల్లో ఇళ్లకు చేరేవాళ్లు.

రెండో ఏడు మొదట్లో నా ఫోనుకు మెసేజి వచ్చింది. పూర్తి ట్యూషన్ ఫీజు కట్టాలి, లేకపోతే పరీక్షకు హాల్‌టికెట్ ఇవ్వరు. ఏదో పొరపాటుగా వచ్చుంటుందని మా ఆయన అన్నాడు. నేను బడికి సెలవు పెట్టి కాలేజీకి పోయి, వ్యాయామం చూసే సారును కలిశాను. సన్మానం రోజు మా ఇంటి దాకా వచ్చి పాపను పొగిడి పోయింది ఈయనే.

"మేడమ్, మేనేజ్‌మెంట్ పాలసీ మారింది" అన్నాడు. "స్కాలర్‌షిప్‌కు ఏటా రివ్యూ ఉంటుంది. ఈసారి జాతీయస్థాయి పతకం ఉన్నవాళ్లకే అన్నారు."

"ఈ మాట చేర్చుకునేటప్పుడు చెప్పలేదు కదా సార్?"

"అప్పుడు పాలసీ అది కాదు మేడమ్."

"నాలుగేళ్లు అన్నారు."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేనే కాంట్రాక్టు మీద ఉన్నాను మేడమ్. వచ్చే నెల ఈ ఉద్యోగం ఉంటుందో లేదో నాకే తెలీదు."

తన ఉద్యోగానికే గ్యారంటీ లేని మనిషి ఊరూరా తిరిగి పిల్లలకు నాలుగేళ్ల గ్యారంటీ పంచాడు. ఆయన్ను తిట్టాలని పోయినదాన్ని, తిట్టే ఓపిక కూడా లేక వచ్చేశాను. ఇలాంటి డబ్బు వస్తే తీసుకుని కళ్లకద్దుకోవాలి. వస్తుందని లెక్క రాసుకుని, చేతిలో ఉన్న డబ్బు ఖర్చు పెట్టేవాడిని ఏమనాలో నాకు తెలుసు, ఆయన నా మొగుడు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

మా ఆయన దీన్ని తన పద్ధతిలో తేల్చుకుంటానన్నాడు. ఆ రోజు కల్యాణమండపంలో కూర్చుని ఛైర్మన్ మాట విన్నవాళ్లను నలుగురిని పోగుచేశాడు. మా సంఘం పెద్ద, ఒక రిటైరైన బస్సు కండక్టరు, మా చిన్నమామ, మా పక్క పొలం కౌలు చేసే సాయిబు. అందరూ తెల్ల పంచెలు, ఇస్త్రీ చొక్కాలు, భుజాన తువ్వాళ్లు. జీపు బాడుగకు మాట్లాడాడు. మైకులో విన్న సాక్షులు ఎదురుగా కూర్చుంటే ఆ ఛైర్మన్ తల ఎత్తలేడని ఆయన లెక్క. వీళ్లను ఒంటరిగా పంపితే నవ్వులపాలవుతారని నేనూ ఎక్కాను. నేను ఉన్నా నవ్వులపాలే అయ్యారు, అది వేరే సంగతి.

కాలేజీలో ఆఫీసు చూసేది మెడలో గుర్తింపు కార్డు వేలాడుతున్న ఒక కుర్రవాడు. మర్యాదగానే ఉన్నాడు. కుర్చీలు చాలక బయటినుంచి తెప్పించాడు, పేపరు కప్పుల్లో టీ ఇప్పించాడు. సంఘం పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఆ పొద్దు మీ ఛైర్మన్ గారు మైకులో చెప్పినాడు. నాలుగేండ్లు ఫీజు లేదన్నాడు. మేము నలుగురమూ చెవులారా విన్నాము."

కుర్రవాడికి అర్థం కాలేదు. "విన్నారు, నిజమే. అయితే?"

"అయితే ఏందప్పా? చెప్పినాడు గదా!"

"పెద్దాయనా, అది ఫంక్షన్. స్టేజీ మీద ఎన్నో అంటుంటారు. మాకు సిస్టమ్‌లో ఉన్నదే లెక్క."

మా ఆయన ముందుకు వంగాడు. "అంటే, స్టేజీ మీద అన్న మాటకు లెక్క లేదంటావా?"

"మీరు మరీ సీరియస్‌గా తీసుకున్నట్టున్నారు సార్" అన్నాడు కుర్రవాడు. వెటకారం లేదు అందులో. నిజంగానే అలా అనుకున్నాడు. వెటకారం చేసి ఉంటే బాగుండేది, కనీసం పోట్లాడటానికి ఒక మనిషి దొరికేవాడు.

బయటికి వస్తుంటే ఛైర్మన్ కారు దిగుతూ కనబడ్డాడు. మా ఆయన నిలబడిపోయాడు. ఆ మనిషి తప్పించుకుని పోతాడని, లేదా మొహం చెల్లక నసుగుతాడని అనుకున్నాడు. ఛైర్మన్ తిన్నగా మా దగ్గరికే వచ్చాడు. నవ్వుతూ అందరికీ దండం పెట్టాడు. మా ఆయన భుజం తట్టి, "మన పాప బ్రహ్మాండంగా ఆడుతోంది సార్, మన కాలేజీకే గర్వం" అన్నాడు. ఆ పెద్ద గొంతు, మైకు లేకపోయినా రెండు వీధులు వినబడే గొంతు, ఎటుపోయిందో తెలియలేదు. ఛైర్మన్ లోపలికి వెళ్లిపోయాడు.

జీపు శిరివెళ్ల దాటాక మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "వానికి సిగ్గే లేదు గదే" అన్నాడు. పందేల్లో డబ్బు ఎగ్గొట్టబోయినవాళ్లను చాలామందిని చూశాడు కానీ, సిగ్గుపడని మనిషిని ఆయన చూడటం అదే మొదలు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఉంది, అది నేను క్షమించలేదు. వచ్చిన నలుగురి దగ్గర ఊళ్లో ఈ సంగతి ఎత్తబోమని మాట తీసుకున్నాడు. టీ బంకు దగ్గర ఎవరైనా "పాప ఫీజు అదే మాదిరి నడస్తాండాదా అన్నా?" అని అడిగితే "ఆఁ, నడస్తాండాది" అనేవాడు. మా ఇంట్లో డబ్బుకు దిక్కులు చూస్తుంటే, ఆళ్లగడ్డలో ఆ ఛైర్మన్ పరువు కాపాడుతూ తిరిగింది నా మొగుడే. ఆయన్ను చూసి ఇంకా ఇద్దరు ముగ్గురు తమ పిల్లల్ని అదే కాలేజీకి పంపాలని చూశారు.

"సిగ్గుపడాల్సినోడు వాడు. నువ్వెందుకు దాస్తాండావ్?" అని అడిగాను.

"సంఘంలో సాక్ష్యం చెప్పినా గదే. దేవుడు జేసినాడని చెప్పినా. ఇప్పుడు పోయి, దేవుడు జేయలేదని చెప్పల్నా?"

నాకు జాలి వేసింది. జాలి కంటే కోపం ఎక్కువ వేసింది. ఒక కాలేజీ వ్యాపారం చేసుకోవడానికి దేవుణ్ని కూడా జామీను పెట్టి వచ్చాడు ఈయన.

ఎద్దుల్ని అమ్మకానికి పెట్టాడు. ఒక్క పందెం కూడా గెలవని జతకు ఎవరు ధర పెడతారు? వచ్చిన బేరగాళ్లు పళ్లు చూసి, మూపురం తట్టి, కొన్న ధరలో సగం చెప్పారు. ఇచ్చేశాడు. గెలిచిన జత యజమానిగా ఆయన పేరు ఆయన చదువుకోనేలేదు. ఆ డబ్బు రెండో ఏడు ఫీజుకు సరిపోయింది. తర్వాతి రెండేళ్లకు నా పీఎఫ్ మీద అప్పు తీసుకున్నాను.

ఇంట్లో ఇంక ఆ ఆట మాన్పించమని అందరూ మొదలుపెట్టారు. మా అత్త, మా ఆడబిడ్డ, చివరికి ఖోఖోకు మనుషులు ఎంతమందో తెలియని మా మరిది. ఆడి ఏం సంపాదించింది, ఆడకపోతే ఏం పోతుంది అని. "అమ్మీ, ఇంగ చాల్లే ఆ ఆట. దాంతో ఫీజు కూడా రాకపాయె" అని నేనూ ఒక రోజు అన్నాను. పాప మరునాడు కూడా బ్యాగులో బూట్లు పెట్టుకునే కాలేజీ బస్సెక్కింది.

మూడో ఏడు ఫీజు కట్టడానికి నేనే పోయాను. ఆఫీసు వరండాలో బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. పక్కన ట్రాక్‌సూటు వేసుకున్న పిల్ల, వాళ్లమ్మ కొంగు పట్టుకోవాలా వద్దా అన్నట్టు చూస్తోంది. పలకరిస్తే కోయిలకుంట్ల దగ్గర ఊరన్నారు. ఆ పిల్లది కూడా ఖోఖోనే.

"మా పాపకు పూర్తిగా ఫ్రీ అంటక్కా" అంది ఆమె. మొహం వెలిగిపోతోంది. "మొన్న సన్మానం జేసి, అందరి ముందర చెప్పినారు. ఫీజుకని దాచిపెట్టిన దుడ్లుండె మా కాడ. వాటితో ఇంగో నాలుగెకరాలు కౌలుకు పడతాండాము."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాలేజీ అక్షరం మార్చకుండా అదే నాటకం ఇంకో ఊళ్లో ఆడింది. పాత వ్యాయామం సారు మానేసి వెళ్లాడు, కొత్తాయన వచ్చాడు, పొగడ్త మాత్రం పాతదే. నేను ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పాను. మొదటి ఏడు ఎలా ఉంటుంది, రెండో ఏడు ఏమవుతుంది, ఎవరిని అడిగితే ఏమంటారు, అన్నీ. బడిలో పాఠం చెప్పినట్టే చెప్పాను. చెప్పేకొద్దీ ఆమె మొహం ముడుచుకుపోయింది.

"మీ పాప సరింగా ఆడలేదేమో లేక్కా" అంది.

నేను ఓర్వలేక చెబుతున్నానని ఆమె అనుకుంది. అనుకుంటే తప్పేముంది, ఆమె స్థానంలో మా ఆయన ఉన్నా అదే అనేవాడు. ఆ కాలేజీని అసహ్యించుకున్నాను, ఆ వరండాను అసహ్యించుకున్నాను, ఎదురుగా నిజం పెడితే పక్కకు నెట్టే ఆ తల్లి మొహాన్ని కూడా ఆ నిమిషంలో అసహ్యించుకున్నాను.

అప్పుడే క్లాసు వదిలినట్టున్నారు, మా పాప వచ్చింది. నన్ను చూడకముందే ఆ పిల్ల మోకాళ్ల దగ్గర దుమ్ముపట్టిన ట్రాక్‌సూటును చూసింది.

"ఖోఖోనా?" అంది. పిల్ల తల ఊపింది.

"పోల్ డైవ్ వస్తాదా?"

"సగం సగం వస్తాదక్కా. చెయ్యి భయమయితాది."

"సాయంత్రం బస్సులు పోయినాక గ్రౌండు కాడికి రా. చెయ్యి ఎట్ల పెట్టల్లో నేను చూపిస్తా" అంది మా పాప. పిల్ల మొహం విప్పారింది. మా పాప బెంచీ అంచున కూర్చుని, ఆ పిల్లతోనే, వాళ్లమ్మ వైపు చూడకుండా చెప్పింది. "ఫీజు మాత్రం మీ నాయనను కట్టమను. వీళ్లు మాఫీ జేస్తారని ఆడాకు. మొదటేడు నేను అట్లనే ఆడినా. ఓడిపోతే మా నాయన మీద ఫీజు పడతాదని ప్రతి మ్యాచిలో అదే భయం. డైవ్ కొట్టేటప్పుడు ఎదురుగా పరిగెత్తే పిల్ల కనపడేది కాదు, మా నాయన మొగమే కనపడేది. రెండో ఏడు వాళ్లు తీసేసినాకనే నేను నింపాదిగా ఆడినా."

ఈ మాట నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆ ఏడాది అంతా ఇంటికి వచ్చి సరిగా తినకపోతే క్యాంటీనులో తిని వస్తోందనుకున్నాను. ఇప్పుడు దాని చెయ్యి పట్టుకోవాలనిపించింది కానీ, అది అప్పటికే ఆ పిల్ల బూట్ల లేసులు గట్టిగా ఉన్నాయో లేదో వంగి చూస్తోంది.

కోయిలకుంట్ల ఆమె కూతురి బూట్ల వైపు చూసింది. తర్వాత నా వైపు జరిగింది.

"మొత్తం ఎంతయితాదక్కా ఏడాదికి?" అని అడిగింది.

చెప్పాను. ట్యూషన్ ఫీజు చెప్పాను, బస్సు చెప్పాను, పరీక్షలు చెప్పాను, కిట్టుకు కూడా తీసుకుంటారని చెప్పాను. ఆమె వేళ్లు మడిచి కూడుకుంది. కొంగు ముడిలోంచి ఫోను తీసి మొగుడికి కలిపింది.

"ఆ కౌలు దుడ్లు ఇచ్చినావా?" అంది. అవతల ఏదో అన్నాడు. "అయితే ఇయ్యాకు. పాప ఫీజుకు కావల్ల."